మూసను పొయ్యిపై పెట్టుటకు ముందు

గత సంవత్సరము వేసవి సెలవులు ముగిసి పాఠశాల తెరచిన మొదటి వారములో, తొమ్మిదవ తరగతి బాలుడొకడు చేతిరుమాలులో ముడివేసిన వస్తువొకటి తెచ్చి మా బల్లమీద పెట్టెను. విప్పి చూడగా అది అరచేతిలో ఇముడునంతటి తెల్లని లోహపు ముద్ద. ఒక ప్రక్క నున్నగాను, మరియొక ప్రక్క ఇసుక యంటి గరుకుగాను ఉండెను. విరిగిన గరిటెలు, సొట్టపడిన గిన్నెల మూతలు, పాత కిటికీ చట్రపు ముక్కలు ఇనుప డబ్బాలో వేసి, బొగ్గుల కుంపటిపై నుంచి, తన అక్క తల ఆరబెట్టుకొను యంత్రముతో గాలి కొట్టి వాడు వానిని కరిగించెనట. "సారూ, ఇది నేనే కరగబోసిన" అని చెప్పునప్పుడు వాని ముఖమున కనబడిన వెలుగును, పరీక్షలలో మొదటి మార్కులు పొందిన పిల్లల ముఖములందు సైతము మేము అరుదుగా చూచియున్నాము.

మేము మిక్కిలి సంతోషించితిమి. వానిని తరగతిలో నిలువబెట్టి మెచ్చుకొంటిమి. ఆ ముద్దను విజ్ఞానశాస్త్రపు గదిలోని అద్దాల బీరువాలో ఉంచి, వాని పేరు వ్రాసిన చీటిని దానిక్రింద అంటించితిమి. అంతవరకు మంచిదే. కాని మేము వానిని అడుగవలసిన ప్రశ్న యొకటి ఉండెను, దానిని అడుగమైతిమి. "తరువాత ఏమి కరిగింపబోవుచున్నావు, నాయనా?" అనునదే ఆ ప్రశ్న.

పదిదినముల తరువాత, పిల్లల ఇండ్లను దర్శించు మా వాడుక చొప్పున వాని ఇంటికి పోతిమి. పెరటిలో పాత ఇన్వర్టరు బ్యాటరీ యొకటి పగులగొట్టబడి యుండెను. దానిలోని పలకలు గోనెపట్టాపై ఆరవేయబడి యుండెను. ఆమ్లమును వేపచెట్టు మొదట పారబోసి యుండిరి. వాని పినతండ్రి చెరువులో చేపలు పట్టువాడు. అతని వలకు సీసపు గుండ్లు పోసి యిచ్చెదనని వీడు మాట యిచ్చెనట. మూడేండ్ల చెల్లెలు ఆ పట్టా ప్రక్కనే కూర్చుండి, బూడిదరంగు బురదతో బొమ్మలు చేసికొనుచుండెను. వానకు బొగ్గులు తడిసినందున మాత్రమే ఆనాడు కుంపటి అంటుకొనలేదు. మరునాడు పాఠశాలలో విచారింపగా, బీరువాలోని చీటిని చూచి మరి నలుగురు బాలురు తమ తమ పెరళ్లలో పొయ్యిలు సిద్ధపరచుచున్నట్లు తెలియవచ్చెను. ఆ చీటిని అంటించినది మేమే గదా!

ఈ సంగతి విన్న పెద్దలు రెండు విధములుగా మాటలాడిరి. "చదువుకొను పిల్లలకు ఈ తుక్కు పని యేల? ఆ ముద్దను పారవేసి పుస్తకము పట్టించుడు" అని కొందరనిరి. "పిల్లవాడు చేతులతో ఏదో నేర్చుకొనుచున్నాడు, అడ్డుపడవలదు" అని మరికొందరనిరి. ఈ రెండు మాటలతోను మేము ఏకీభవింపజాలము. పాత లోహమును క్రొత్త పనికి తెచ్చు అభిరుచి మంచిది, దానిని అణచివేయరాదు. అయినను తెలివి ముందు నడువని నిప్పును ఇంటిలోనికి రానీయరాదు. ముందు లోహమును ఎరుగవలెను, తరువాత మూసను పొయ్యిపై పెట్టవలెను. ఈ వ్యాసములో మేము చెప్పదలచినది ఇంతే.

మన ప్రాంతపు పిల్లలకు లోహములయందు ఆసక్తి కలుగుట వింత కాదు. మహబూబాబాదు జిల్లాలోని బయ్యారమున ఇనుపరాయి కలదు. అచ్చట ఉక్కు కర్మాగారము సాధ్యమగునా యను విషయమును పరిశీలింపవలెనని 2014వ సంవత్సరపు రాష్ట్ర పునర్విభజన చట్టమున వ్రాయబడినది మొదలు, ఆ ముచ్చట వినుచునే అచ్చటి పిల్లలు పెరుగుచున్నారు. భూపాలపల్లిలో సింగరేణి వారి బొగ్గు గనులు కలవు. జనగామకు సమీపమున, హైదరాబాదునుండి వరంగల్లునకు పోవు మార్గములో, ఇత్తడి పనికి పేరొందిన పెంబర్తి గ్రామము కలదు. రాయి ఒకచోట, బొగ్గు ఒకచోట, చేతి నేర్పు ఒకచోట ఉన్న ఈ సీమలో పిల్లవాడొకడు కుంపటి ముందు కూర్చుండినచో మనము ఆశ్చర్యపడనేల?

పెంబర్తి పనివారిని చూడబోయిన మన విద్యార్థులు ఒక విషయమును గమనించియుందురు. అచ్చటి విశ్వకర్మలు ఇత్తడి రేకును కాల్చి మెత్తబరచి, లక్కపై అదిమి నిలిపి, ఉలితోను సుత్తెతోను మెల్లమెల్లగా రూపమును పైకి తెత్తురు. చూచువానికి అది సుత్తె పనిగా తోచును. వాస్తవముగా అది ఎరుక పని. రేకు ఎంత కాలవలెను, ఎన్ని దెబ్బలకు బిరుసెక్కును, ఎప్పుడు మరల కాల్చకున్న చీలును అనునవి చేతికి తెలిసిన తరువాతనే దెబ్బ పడును.

చెత్తనుండి లోహమును తీయు విద్యయు మనవారికి క్రొత్త కాదు. కంసాలి అంగడి ఊడ్చిన దుమ్మును కొని, నీళ్లలో కడిగి, అందలి బంగారు వెండి రజమును వేరుచేసి బ్రదికిన జలగడుగువారను తెలుగువారు ఉండిరి. 1909లో ఎడ్గార్ థర్స్టన్ ప్రకటించిన దక్షిణ హిందూదేశపు కులముల గ్రంథములో వారి పేరు కలదు. లోకము దుమ్మని ఊడ్చివేసిన దానిలో విలువను చూచిన కన్ను వారిది. వారి పేరులోనే వారి పద్ధతియు ఉన్నది: బరువైనది అడుగున నిలుచును, తేలికైనది నీటితో కొట్టుకొనిపోవును. వారి పనిలో మొదటిది కడుగుటయే.

నిజామాబాదు ప్రాంతమునందలి కోనసముద్రపు ఉక్కు కథయు ఇట్టిదే. పూర్వము పారసీక దేశపు వర్తకులు అచ్చటికి వచ్చి ఉక్కును కొనుచుండిరి. హెన్రీ వాయిసీ అను శాస్త్రజ్ఞుడు చూచి వ్రాసిన ఆ పని వర్ణన 1832లో కలకత్తాలోని ఆసియాటిక్ సొసైటీ పత్రికయందు అచ్చుపడెను. ఆ కమ్మరులు దొరికిన ఇనుమునెల్ల మూసలో వేయలేదు. రెండు విధములైన ఇనుమును నియమిత పాళ్లలో కలిపి, మూసను మట్టితో మూసి, కొలిమిలో పెట్టుచుండిరి. మూసలోనికి పోవునదేమో తెలిసిన వారగుటచేత, దానినుండి వెలువడునదేమో వారు ముందుగనే చెప్పగలిగిరి. బడి చదువు లేకున్నను వారు విద్వాంసులే.

ఇప్పుడు కీడు సంగతి దాచక చెప్పవలెను. అన్నిటికంటె మొదటిది సీసము. ఇది 327 డిగ్రీలకే కరుగును. ఇంటి పొయ్యి చాలును. సులభముగా కరుగుటయే దాని మోసము. పగిలిన బ్యాటరీ పలకల పొడి గాలిలో లేచును, చేతులకు అంటును, అన్నములో కలియును. పెద్దవారికంటె పసిపిల్లల శరీరము, మ్రింగిన సీసమును నాలుగైదు రెట్లు అధికముగా పీల్చుకొనునని ప్రపంచ ఆరోగ్య సంస్థవారు చెప్పుచున్నారు. ఇంతవరకు కీడు లేదని చెప్పదగిన మోతాదు ఏదియు లేదని కూడ వారే చెప్పుచున్నారు. అది మెదడు ఎదుగుదలను కుంటుపరచును. జ్వరమువలె కనబడదు, దెబ్బవలె నొప్పి పెట్టదు. చదువులో వెనుకబడిన పిల్లవానిని మనము సోమరి యని కసరుదుము. వాని రక్తములో ఏమున్నదో ఎవరికి తెలియును? లోకములో ప్రతి ముగ్గురు పిల్లలలో ఒకరి రక్తమున, అనగా దాదాపు 80 కోట్ల పిల్లల రక్తమున, ఆందోళన కలిగించునంతటి సీసము ఉన్నదని 2020లో యూనిసెఫ్ వారు ప్రకటించిరి. ఆఫ్రికా ఖండమున సెనెగల్ దేశములోని డకార్ నగరము చెంత, థియారోయె అను పేటలో, పాత బ్యాటరీల సీసము కలిసిన మట్టిని త్రవ్వి జల్లించిరి. 2007 నవంబరు మొదలు 2008 మార్చి వరకు అచ్చట 18 మంది పిల్లలు మరణించిరి. వారి తల్లులును నాలుగు డబ్బుల కొరకే ఆ పని చేసిరి, కీడు తలంపలేదు.

రెండవది ఇత్తడి. ఇది రాగియు తుత్తునాగమును కలిసినది. ఇత్తడి కరుగుటకు 900 డిగ్రీలకు పైగా వేడి కావలెను. తుత్తునాగము 907 డిగ్రీలకే మరగి ఆవిరియగును. కాబట్టి ఇత్తడి కరుగు చోట దూదివంటి తెల్లని పొగ లేచును. దానిని పీల్చినవానికి కొన్ని గంటలలో చలియు జ్వరమును వచ్చును. తుత్తునాగపు పూత గల రేకులను, బకెట్లను నిప్పులో వేసినను ఇదే ఫలము. మూడవది నీరు. కరిగిన లోహముక్రింద చిక్కిన నీటిబొట్టు, ఆవిరియై 1,600 రెట్లకు పైగా విరివి చెంది, లోహమును ముఖముమీదికి చిమ్మును. తడి ఇసుక, తడి అచ్చు, మూత బిగించిన డబ్బా ఇవన్నియు ఇట్టి శత్రువులే. నాలుగవది విద్యుత్ తీగలను కాల్చుట. రాగిపైనున్న ప్లాస్టిక్కు కాలినప్పుడు ఊపిరితిత్తులను కొరుకు ఆమ్లపు పొగయు, దీర్ఘకాలము నిలుచు విషములును పుట్టును. నెమ్మదిగా కత్తితో తొడుగు ఒలిచిన రాగికి, కాలి నల్లబడిన రాగికంటె మంచి ధర వచ్చుననుట తుక్కు వర్తకులందరు ఎరిగినదే.

సెల్ ఫోనులలోని బంగారమును ఆమ్లములతో తీయవచ్చునని విని ఉబలాటపడు బాలురును కలరు. వారికొక లెక్క చెప్పెదము. టోక్యో ఒలింపిక్ క్రీడల పతకములకై జపాను దేశస్థులు 2017 ఏప్రిల్ మొదలు 2019 మార్చి వరకు పాత విద్యుత్ పరికరములను ప్రోగుచేసిరి. పురపాలక సంఘములు కూర్చిన చిన్న పరికరములు 78,985 టన్నులు. ఇవిగాక ఫోనులు దాదాపు 62 లక్షలు. వీనినుండి లభించిన బంగారము సుమారు 32 కిలోలు, వెండి 3,500 కిలోలు, కంచుకు కావలసిన లోహము 2,200 కిలోలు. మీరే భాగించి చూడుడు: టన్నుకు అర గ్రాము బంగారము కూడ రాలేదు. ఒక జాతి యంతయు కూడి, పెద్ద శుద్ధి కర్మాగారములలో, పొగను నీటిని శుభ్రపరచు యంత్రములతో చేసిన పని యిది. నాలుగు ఫోనులు, ఒక సీసా నత్రికామ్లము పట్టుకొని పెరటిలో కూర్చుండిన బాలునికి దక్కునది బంగారము కాదు. ఎర్రని పొగ, కాలిన వ్రేళ్లు, విషమెక్కిన బావి.

ఇంకొక హెచ్చరిక. ఏమో తెలియని బరువైన వస్తువును ఎప్పుడును విప్పరాదు. 2010లో ఢిల్లీలోని మాయాపురి తుక్కు బజారునకు ఒక పాత పరిశోధన యంత్రము చేరెను. అందులో కోబాల్టు-60 అను కిరణములు వెదజల్లు పదార్థముండెను. ఎరుగక విప్పినవారికి ఒళ్లు కాలెను, ఒకడు మరణించెను. ఆ యంత్రమును అమ్మినవారు చదువుకొన్నవారు, విప్పినవారు చదువులేనివారు. దోషము ఎవరిదో పాఠకులే విచారింతురు గాక.

ఇంత చెప్పిన తరువాత, "అట్లయిన తుక్కును ముట్టకుండుటయే మేలు గదా" యని తల్లిదండ్రులు తలంపవచ్చును. మేము అట్లు తలంపము. అల్యూమినియమును రాతినుండి తీయుటకు పట్టు శక్తిలో నూటికి అయిదు పాళ్లు మాత్రమే పాత అల్యూమినియమును మరల కరిగించుటకు చాలును. విరిగిన గరిటెను పారవేయని ఇల్లు, ఏదో యొక కొండను కొంత కాపాడుచున్నది. సైకిలుమీద "పాత ఇనుప సామానులు" అని కేకవేయుచు వీధి వెంబడి పోవునతడు మన వీధికి ఉపకారియే. మా బడిలో అట్టి వారి పిల్లలును చదువుచున్నారు. రాగికిని ఇత్తడికిని భేదము చీకటిలో ధ్వనిని బట్టి చెప్పగల బాలుని, తక్కినవారు "తుక్కోడు" అని పిలుచుట మేము విని సిగ్గుపడితిమి. ఆ పాఠములో వాడు గురువు, మేము శిష్యులము. ఈ పనిని హీనముగా చూచుటవలననే దానిలోని తెలివి బడికి దూరమైనది. తెలివి దూరమైన చోట పొగ మిగిలినది.

కాబట్టి ఏమి చేయవలెను? నిప్పు లేకుండ నేర్వదగినది చాల కలదు. అయస్కాంతమును పట్టి ఇనుమును వేరుచేయవచ్చును. త్రాసును, నీటి పాత్రను తీసికొని, నీటికంటె ఏ లోహము ఎన్ని రెట్లు బరువో కొలువవచ్చును: అల్యూమినియము 2.7, ఇనుము 7.9, రాగి 9, సీసము 11.3. పుస్తకములో ఆర్కిమిడీసు కథ చదివి మరచిన బాలుడు, పాత కుళాయిని తూచి అది ఇత్తడియో కాదో తేల్చినచో ఎన్నడును మరవడు. పోత పని నేర్చుటకు మైనము చాలును. పొడి ఇసుకలో కాక, అచ్చు కొరకు బంకమట్టిలో ముద్ర తీసి మైనము పోసినచో అంచులు ఎందుకు విరుగునో, నడుమ గుంట ఎందుకు పడునో తెలియును. మైలుతుత్తము కరిగిన నీటిలో ఇనుపమేకు వ్రేలాడదీసిన ఎర్రని రాగి దానికి పట్టుకొనును. గనులలోని నీటినుండి రాగిని తీయుటకు ఈ ఉపాయమునే వాడుదురు. ఇవి యన్నియు మా ప్రయోగశాలలో ఒక పూటలో చేయదగినవి.

ఇక నిప్పు. పిల్లలనుండి దానిని శాశ్వతముగా దాచుట సాధ్యము కాదు, న్యాయమును కాదు. సంవత్సరమునకు ఒకటి రెండు మారులు, పాఠశాల ఆవరణలో, ఆరుబయట, పెద్దవారి చేతిమీదుగా, పూత లేని శుభ్రమైన అల్యూమినియమును మాత్రమే కరిగించి చూపింతుము. కంటికి అద్దములు, కాలికి తోలు చెప్పులు కాదు, బూట్లు, ఒంటికి నూలు బట్టలు ఉండవలెను. పరికరములన్నియు పొడిగా ఉండవలెను. పిల్లలు దూరమున నిలిచి చూతురు. సీసము, బ్యాటరీ, తీగల కాల్పు, ఆమ్లములు మాత్రము ఇంట గాని బడిలో గాని ఎప్పుడును కూడవు. 2022లో ప్రభుత్వమువారు చేసిన బ్యాటరీ వ్యర్థముల నియమములును, 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చిన విద్యుత్ వ్యర్థముల నియమములును, పాత వస్తువులు తిరిగి సరియైన చోటికి చేరునట్లు చూచు భారమును తయారుచేయువారిమీద మోపినవి. పాత బ్యాటరీని క్రొత్తది అమ్మినవానికే తిరిగి యిచ్చుట అన్నివిధముల క్షేమము. మా కార్యాలయపు వాకిట ఒక పెట్టె నుంచితిమి. ఇంటిలో పడియున్న చిన్న బ్యాటరీలను, పాత ఫోనులను పిల్లలు అందులో వేయవచ్చును. ఉబ్బిన ఫోను బ్యాటరీని మాత్రము సంచిలో తేక, మాకు కబురు చేయవలెను.

ఆ బాలుని పెరటి సంగతి ముగింపకున్న పాఠకులు మమ్మును క్షమింపరు. పలకలను తడిగుడ్డలతో ఎత్తి డబ్బాలో పెట్టి బ్యాటరీ అంగడికి చేర్చితిమి. పొడిగా ఊడ్వక, తడిపి తుడిచి, పైమట్టిని తీయించితిమి. చెల్లెలిని వైద్యునియొద్దకు కొనిపోయి, రక్తపరీక్ష చేయించితిమి. ఫలితము వచ్చువరకు గడచిన దినములు మాకు దీర్ఘములైనవి. సంఖ్య మిక్కుటముగా లేదని వైద్యుడు చెప్పి, కొన్ని నెలల తరువాత మరల చూడవలెననెను. తల్లి మమ్మును ఒక్కమాటయు అనలేదు. అనియున్నచో మనసు కొంత తేలికపడెడిది.

మలాకీ ప్రవక్త గ్రంథములో దేవుడు వెండిని శుద్ధిచేయువానితో పోల్చబడెను. ఆ పోలికలో శుద్ధిచేయువాడు కూర్చుండియుండును. ఇన్ని యేండ్లు ఆ భాగమును పిల్లలకు చదివి వినిపించితిమి గాని, కూర్చుండుట యను మాటను మేము గమనింపలేదు. మూసను విడిచిపోవువాడు, తొందరపడువాడు ఆ పనికి తగడు. ఉపాధ్యాయుడును అంతే, మెచ్చుకొని లేచిపోరాదు, ప్రక్కన కూర్చుండవలెను.

ఆ తెల్లని ముద్ద ఇప్పటికిని బీరువాలోనే ఉన్నది, తీసివేయలేదు. వాని పేరును అట్లే ఉన్నది. చీటి మాత్రము మారినది. పేరుక్రింద ఆ బాలుడే తన చేవ్రాలుతో నాలుగు ప్రశ్నలు వ్రాసెను: ఇది ఏ లోహము? దీనిలో గాని దీనిమీద గాని ఇంకేమి కలిసియున్నది? వేడి తగిలినచో ఏమి వెలువడును? అది ఎవరి ఊపిరిలోనికి పోవును? ఈ నాలుగింటికి జవాబు చెప్పగలిగిన పిల్లవాడు మాయొద్దకు రావచ్చును. వానితోకూడ మేమును పొయ్యి ప్రక్కన కూర్చుందుము.